ఇంట్లో ఎవరుంటారు?

ఆఫీసు మనిషి వస్తే మా నాన్న ముందు కుక్కను విప్పేవాడు, తర్వాత తలుపు తీసేవాడు. యుద్ధం అయిపోయాక, లెవీ ధాన్యం రోజుల్లో, ఒకడు ఊరికే చూసిపోతానని వచ్చి మా అటక ఎక్కాడట. మర్నాడు నలుగురు చీపుర్లు పట్టుకుని వచ్చారు. గింజ మిగల్చకుండా ఊడ్చుకుపోయారు. అప్పటికి నేను పుట్టలేదు. అయినా ఆ చీపుర్ల చప్పుడు నాకు తెలుసు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు ఆ కథ చెప్పేవారు.

అందుకే సిల్వానా స్కాలర్‌షిప్ మాట ఎత్తగానే నేను అడిగింది ఒకటే.

"ఇంటికి ఎవరొస్తారు?"

"మున్సిపాలిటీ నుంచి ఒకరు వస్తారు నాన్నా. ఊరికే చూసిపోతారు."

"అటక కూడా ఊరికే చూడ్డానికే ఎక్కాడు."

"మన అటక మీద ఏముంది, ఎలుకలు తప్ప?"

"వాళ్ళు చూస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది."

సిల్వానా నా కూతురు. ఒక్కతే. నీష్‌లో ఫార్మసీ చదువుతోంది. ఆ చదువు వాళ్ళమ్మ కుట్టుమిషన్ మీద నడిచింది. నా భార్య పెర్సీదా పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. పోయిన ఏడాది ఆకులు రాలే కాలంలో చనిపోయింది. గనిలో విరిగిన నా నడుముకు వచ్చే పింఛను కట్టెలకూ మందులకూ సరిపోతుంది. అంతకు మించి ఒక్క నెల కూడా సాగదు.

అమ్మాయి వేళ్ళు మడుస్తూ చెప్పింది. సర్కారు మార్కుల స్కాలర్‌షిప్ ఇస్తుంది, సర్కారే విద్యార్థులకు అప్పు కూడా ఇస్తుంది. రెండింటికీ పరీక్షలన్నీ ఒకేసారి గట్టెక్కి ఉండాలి. మా పిల్ల పరీక్షలప్పుడు ఆస్పత్రిలో వాళ్ళమ్మ మంచం పక్కన ఉంది. హాస్టల్లో చోటు, క్యాంటీన్ కార్డు దొరికాయి గానీ వాటితో పుస్తకాలు రావు, ల్యాబు ఫీజు తీరదు. ఇక మిగిలింది మున్సిపాలిటీ వాళ్ళు లేనివాళ్ళ పిల్లలకిచ్చేది. ఇంటి రాబడిని ఇంట్లో తలల లెక్కన పంచి చూస్తారు. ఒకే పొయ్యి మీద తినేవాళ్ళంతా ఒక ఇంటి కింద లెక్క.

"అదీ రాకపోతే?"

"రాకపోతే వియన్నా. మరుగుదొడ్లు కడగడానికి మనిషి కావాలని అక్కడున్న మామయ్య ఎప్పట్నుంచో అంటున్నాడు. పోయానంటే ఇక చదువు లేదు నాన్నా. ముందే చెప్తున్నా."

అమ్మాయి దరఖాస్తు రాసి ఇచ్చింది. కుక్కను విప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుని నీష్ బస్సెక్కింది.

మా పక్కిల్లు ఫ్లోరికాది. మొగుడు లేడు. వయసులో ఉన్నంతకాలం వియన్నాలో ఇళ్ళు తుడిచి, ముసలితనానికి అక్కడి పింఛనుతో తిరిగొచ్చింది. పెర్సీదా, ఆమె ఒకే ఏడు పుట్టారు, ఒకే బెంచీ మీద చదివారు. ఇద్దరి పాదాలూ ఒకే కొలత. నాకు కావలసింది ఆ చివరిదే.

మేము వ్లాహులం, ఇక్కడ కొద్దిమందిమే, మా భాషా ఆచారాలూ వేరు. సంవత్సరీకానికి మా వాళ్ళు పొమానా ఇస్తారు. పోయిన మనిషికి అక్కడ ఏమేం కావాలో అవన్నీ కొత్తవి కొని, ఆ మనిషికి బదులుగా ఇక్కడ ఒకరికి ఇస్తాం. మంచం, పరుపు, దిండ్లు, కంచం, గ్లాసు, తల నుంచి కాలి దాకా బట్టలు. ఇక్కడ ఈమె తొడిగితే అక్కడ ఆమె తొడిగినట్టు. పుచ్చుకున్నవాళ్ళు థాంక్స్ చెప్పరు. "బొగ్దప్రోస్తె" అంటారు. పోయినవాళ్ళను దేవుడు మన్నించాలని. పొమానా ఇవ్వకపోతే ఆ మనిషి అక్కడ వట్టి నేల మీద, వట్టి కాళ్ళతో ఉంటుంది.

సంవత్సరీకం ఇంకా నెల ఉండగానే పందిని అమ్మి అన్నీ కొన్నాను. ముందు గదిలో సర్దిపెట్టాను. ఆ వారంలోనే మున్సిపాలిటీ మనిషి దిగింది.

పేరు దూన్యా. చిన్నది, ముప్పై కూడా ఉండవు. ఎక్కడో దూరాన నోవీ సాద్ నుంచి మా వైపు కొత్తగా వేశారట. గేటు దగ్గర నిలబడి కుక్కను చూసింది, గుమ్మానికి కట్టిన వెల్లుల్లి జడను చూసింది, తర్వాత నన్ను. వ్లాహుల ఇంట్లో ఏమీ ముట్టుకోవద్దు, మందు పెడతారు అని ఆఫీసులో ఎవరో చెప్పి పంపి ఉంటారు. బల్ల మీద చెయ్యి కూడా ఆనించలేదు.

"బాబాయ్, ఇంట్లో ఎవరుంటారు?"

"నేను."

"ఇంకా?"

"కుక్క. అది బయట."

"ఇంకో ఆవిడ కూడా ఉంటారని మాకు తెలిసింది."

నాకు ఒళ్ళు మండింది. ఎవరో ఊదారు. ఎవరు ఊదారో తర్వాత తేల్చుకుందామనుకున్నాను.

"తెలిస్తే నన్నెందుకు అడగడం?" అన్నాను.

ఆమె ముందు గది తలుపు తోసింది. గడప మీదే ఆగిపోయింది.

"ఈ మంచం కొత్తదా?"

"కొత్తదే."

"దీనికి డబ్బు?"

"పందిని అమ్మాను."

"ఎవరి కోసం?"

"నా భార్య కోసం."

చేతిలో కాగితాలు తిరగేసింది. "ఆవిడ పోయారు కదా?"

"పోయింది."

"మరి ఈ బూట్లు?"

"ఆమెవే."

"అరగలేదే!"

"ఎలా అరుగుతాయి? వేసుకునేది వచ్చే నెల నుంచి."

"ఎవరు?"

"ఫ్లోరికా."

"ఫ్లోరికా ఎవరు?"

"పక్కింటామె."

"మీ భార్య బూట్లు పక్కింటావిడ వేసుకుంటారా?"

"ఎవరో ఒకరు వేసుకోవాలి కదా."

"మంచం?"

"అదీ ఫ్లోరికాకే."

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఆమె మొహంలోకి చూశాను. అడిగినదానికి అడిగినంత చెప్పాను. అందులో అబద్ధం ఒక్కటి లేదు. అడగనిది చెప్పడం మా ఇంటా వంటా లేదు.

సరిగ్గా అప్పుడే ఫ్లోరికా లోపలికొచ్చింది. ఆమె ఎప్పుడూ తలుపు కొట్టదు.

"ట్రాయిలో! ఆ బూట్లు ఒకసారి ఇటు పడెయ్. బిగువైతే ఇప్పుడే మార్చాలి, తర్వాత కాళ్ళు కందిపోతే ఎవరిని అడుగుతాం?" అంటూ మంచం మీద చతికిలబడి, రెండుసార్లు ఎగిరి చూసింది. "పరుపు గట్టిదే. పిసినారి సచ్చినోడివి, ఇలాంటిది కొంటావనుకోలేదు. ఎవరీ పిల్ల?"

"ఆఫీసు."

"ఓహో! కూర్చోమన్లేదా ఇంకా? అమ్మాయ్, నువ్వేమీ అనుకోకు. ఈయన నోరు ఏడాదికోసారి తెరుచుకుంటుంది, అది కూడా పళ్ళ డాక్టరు దగ్గర."

దూన్యా నవ్వలేదు. "మీరు రోజూ వస్తారా ఇక్కడికి?"

"రాకపోతే ఈయన బతుకుతాడా? గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. నా పొగగొట్టం కూడా చీలింది తల్లీ, బాగుచేయించేదాకా నా వంటా ఇక్కడే. ఇద్దరికీ ఒకే పొయ్యి, కట్టెలు కలిసొస్తాయి."

"మీకు రాబడి ఏమైనా ఉందా?"

"లేకేం!" ఫ్లోరికా వెన్ను నిటారుగా చేసింది. "వియన్నా పింఛను. ఎవరి దయా కాదు, మోకాళ్ళు అరగదీసి సంపాదించింది."

దూన్యా పెన్ను ఆగకుండా నడిచింది.

ఆ రోజు శనివారం, మాకు పోయినవాళ్ళ రోజు. పెర్సీదా పోయినప్పటి నుంచి శనివారం గడప తొక్కినవాళ్ళను ఊరికే పంపను. రొట్టె మీద చిన్న కొవ్వొత్తి గుచ్చి, పక్కన కాస్త జున్ను పెట్టి ఆ పిల్ల ముందుకు చాపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"వద్దండీ."

"వద్దనకూడదు."

"మేము ఏమీ తీసుకోకూడదు. ఇలాంటివి ఇస్తే అది కూడా రాయాల్సి వస్తుంది."

"రాసుకో."

ఫ్లోరికా మూతి మీద చెయ్యి పెట్టుకుంది. దూన్యా వెళ్ళిపోయాక ఆ రొట్టె తనే తీసుకుని, "బొగ్దప్రోస్తె" అని మెల్లగా అంది. "పాపం చిన్నది, తెలీదు. నువ్వైనా చెప్పొచ్చు కదయ్యా?"

"అడగలేదు."

"నిన్ను కట్టుకున్నందుకు పెర్సీదా సరాసరి స్వర్గానికే పోయుంటుంది. దానికి పొమానా కూడా అక్కర్లేదు."

వారం తర్వాత జవాబు వచ్చింది. సిల్వానా ఫోనులో చదివి వినిపించింది. మా ఇంట్లో ఒకే పొయ్యి మీద ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటున్నారట. రెండో ఆమెకు విదేశీ పింఛను ఉందట. కొత్త సామాను కొన్నారట. సాయం ఇవ్వడానికి లేదట.

"నాన్నా, ఒక్క మాట చెప్పలేకపోయావా? అమ్మ సంవత్సరీకం అని ఒక్క మాట!"

"నా ఇంట్లో ఆడమనిషి ఉందని వాళ్ళు ముందే తెలుసుకుని వచ్చారు. ఇక నా నోటి మాట ఎవరు వింటారు?"

"అప్పీలు పెడుతున్నా. మళ్ళీ వస్తారు, ఎప్పుడో చెప్పరు. ఈసారి కూడా కాదంటే వియన్నా బస్సే. మామయ్యకు చెప్పేశా."

ఫోను పెట్టేసి కంచె దగ్గరికి పోయాను. ఫ్లోరికా పెరట్లో మిరపకాయలు దండ గుచ్చుతోంది. ఆఫీసులో ఎవరు ఊది ఉంటారో నేను చాలా ఆలోచించాను. పింఛను సంగతి అంత గొప్పగా చెప్పుకున్నది ఎవరు? మంచం మీద కూర్చుని ఊగింది ఎవరు? మార్కెట్‌లో, బస్సులో, చర్చి మెట్ల మీద నోరు మూయనిది ఎవరు?

"నా ఇంట్లో కాపురం ఉంటున్నావని ఆఫీసులో చెప్పుకున్నావా?" అన్నాను.

ఆమె నవ్వింది. జోకు అనుకుంది.

"వియన్నా పింఛను చాల్లేదా? మొగుడు కూడా కావాలా? దాని మంచం చల్లారకముందే?"

చేతిలో సూది ఆగింది. ఫ్లోరికా నాకేసి చూసిన చూపు నేను మాటల్లో పెట్టలేను. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం నేను చూడడం అదే మొదలు. మిరపకాయలు బుట్టలో వేసుకుని లోపలికి పోయింది. తలుపు గడియ పడింది. మా వీధిలో పగలు గడియ ఎవరూ వేయరు.

ఆ సాయంత్రం ఎవరో మేస్త్రీ వచ్చి ఆమె పొగగొట్టం బాగుచేశాడు.

సంవత్సరీకం ఆదివారం వచ్చింది. పెరట్లో బల్లలు వేశాం. సిల్వానా ముందు రోజే వచ్చి వంట ఆడవాళ్ళతో కలిసి క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టింది, గోధుమలు ఉడకబెట్టింది. మంచాన్ని పెరటి మధ్యలోకి తెచ్చి, దుప్పటి పరిచి, దిండు మీద రొట్టె పెట్టి కొవ్వొత్తి గుచ్చాం. పక్కన కుర్చీ మీద గౌను, శాలువా, రుమాలు, కింద బూట్లు. వాద్యాల వాళ్ళు అక్రోటు చెట్టు కింద కూర్చున్నారు. ఏడాది నిండాక ఏడుపు ముగిసిందని చెప్పడానికి పోయినవాళ్ళ పేరు మీద ఒక ఆట ఆడించాలి. ఆ బట్టలు కట్టుకున్న మనిషే ముందు నడవాలి.

బట్టలు కట్టుకునే మనిషే లేదు.

ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ధూపం పట్టుకున్న ముసలి స్తానా, మా ఊళ్ళో ఇవన్నీ నడిపించేది, కర్రతో నేల మీద కొట్టింది.

"ఏరా ట్రాయిలో, పుచ్చుకునే మనిషి ఏది? మంచానికి చలేస్తోంది."

సిల్వానా నా మొహం చూసి అంతా గ్రహించింది. కంచె సందులోంచి దూరి పక్కింట్లోకి పోయింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

సెలవురోజైతే ఇంట్లో ఉండేవాళ్ళంతా దొరుకుతారని కాబోలు, అదే సమయంలో గేటు దగ్గర కారు ఆగింది. దూన్యా దిగింది. ఈసారి ఇంకొకాయన కూడా ఉన్నాడు, లావుపాటి మనిషి, పై అధికారి. ఆయన బల్లలు చూశాడు, వాద్యాలు చూశాడు, పక్క పరిచిన మంచం చూశాడు, తెల్ల చొక్కాలో నన్ను చూశాడు.

"పెళ్ళికి వచ్చినట్టున్నాం" అన్నాడు దూన్యాతో. "ఇంకేం అప్పీలు?"

వాద్యాల వాడొకడు కిసుక్కున నవ్వాడు. స్తానా కర్ర ఎత్తింది. నేను నోరు తెరవబోయాను. అటక ఎక్కిన వాడికి మా నాన్న మాత్రం ఏం చెప్పగలిగాడు?

కంచె తలుపు తెరుచుకుంది. ఫ్లోరికా వచ్చింది. పాత గౌను, మట్టి అంటిన రబ్బరు బూట్లు. వెనక సిల్వానా, ఏడ్చిన కళ్ళతో. ఫ్లోరికా తిన్నగా మంచం దాకా వచ్చి ఆగింది. నాకేసి చూడలేదు.

"ఆఫీసు వాళ్ళు మీరేనా?" అంది. "మంచిది, వినండి. ఊరంతా వినండి. పెర్సీదా నా స్నేహితురాలు. అది ఏడాదిగా వట్టి కాళ్ళతో ఉంది, దాని కోసం ఈ బూట్లు తొడుగుతున్నా. ఈ మంచం నా ఇంటికి పోతుంది, నా గదిలో ఉంటుంది, దాని మీద నేను ఒక్కదాన్నే పడుకుంటా. అర్థమైందా అమ్మాయ్? రాసుకో. ఈ మనిషి పొయ్యి మీద నేను వండింది పెర్సీదా చచ్చేముందు నా చెయ్యి పట్టుకుని అడిగిందని. ఇక వండను. ఈ గడప తొక్కను. ఈయనతో కాపురమా? నాకు వియన్నాలో యాభై మరుగుదొడ్లు చూసిన అనుభవం ఉంది, అయినా ఇంత కంపు నోరు చూళ్ళేదు!"

ఎవరూ నవ్వలేదు. కొందరు నవ్వాలనుకున్నారు.

ఆమె అక్కడే రబ్బరు బూట్లు విడిచింది. ఆడవాళ్ళు చుట్టూ నిలబడి శాలువా అడ్డం పట్టారు. బట్టలు మార్చుకుని బయటికొచ్చింది. ఆ గౌను పెర్సీదా కొలతకు కుట్టించింది. వెనక నుంచి చూసినప్పుడు సిల్వానా బల్లను పట్టుకుంది. నేను నేల చూశాను.

మంచం మీదుగా రొట్టె, కొవ్వొత్తి చాపాను. ఇచ్చేటప్పుడు పేరు చెప్పాలి. "పెర్సీదాకు" అన్నాను.

"బొగ్దప్రోస్తె" అంది ఫ్లోరికా, కొవ్వొత్తికేసి చూస్తూ. తర్వాత మెల్లగా, నాకొక్కడికే వినపడేట్టు, "మన్నించేది దాన్ని మాత్రమే" అంది.

వాద్యాలు మొదలయ్యాయి. ఆమె ముందు నడిచింది. స్తానా నా చెయ్యి పట్టి లాగితే నేనూ రెండు అడుగులు వేశాను. నడుము ఒప్పుకోలేదు, ఆగిపోయాను.

లావుపాటాయన టోపీ తీశాడు. దూన్యా మొహం ఎర్రగా కందిపోయింది. స్తానా ఆమె చేతిలో గోధుమల గిన్నె పెట్టింది.

"తిను. థాంక్స్ అనకు, ఆ మాట అను."

పిల్ల గిన్నెలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆ మాట అని, తినేసింది. ఏమీ కాలేదు. ఇప్పటికీ బతికే ఉందనుకుంటా. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి అడగాల్సింది మళ్ళీ అడిగింది, అడగక తప్పదన్నట్టు.

"బాబాయ్, ఇంట్లో ఎవరుంటారు?"

"నేను."

ఈసారి ఇంకా అని అడగలేదు.

డబ్బు వచ్చింది. చదువు ఆగలేదు. మామయ్యకు ఫోను చేసి, మరుగుదొడ్లకు ఇంకో మనిషిని చూసుకోమని నేనే చెప్పాను. సిల్వానా నీష్ బస్సు కోసం నిలబడి ఉండగా, మాటల్లో మాటగా అంది.

"అసలు నేనే కదా నాన్నా దరఖాస్తులో రాశాను, మా నాన్నకు వంట రాదు, ఫ్లోరికా పిన్నే వండిపెడుతుంది, అంత కష్టంలో ఉన్నాం అని. జాలిపడతారనుకున్నా. వాళ్ళు ఇలా తిప్పుతారని నాకేం తెలుసు?"

బస్సు వచ్చింది. నేను దాని సంచి ఎక్కించాను.

ఫ్లోరికాకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆ కోపం పిల్ల మీదికి పోతుంది. పిన్నీ అని పిలవడానికి దానికి ఇంకెవరున్నారు? నా మీదే ఉండనీ. నేను అన్న మాట ఎలాగూ అన్నాను, దాన్ని వెనక్కి తీసుకోను. ఆఫీసు మనిషికి లోకువ ఇచ్చింది ఆమె నోరు కూడా. అది అబద్ధం కాదు.

చలి ముదిరింది. గుడ్డు ఉడకబెట్టడం వచ్చింది. మొక్కజొన్న సంకటి మాత్రం అడుగంటుతోంది. పక్కింటి పొగగొట్టం నిటారుగా పొగ వదులుతోంది, మేస్త్రీ బాగానే చేశాడు. పొద్దున్నే ఫ్లోరికా రొట్టెకు దుకాణానికి పోతుంది, ఆ బూట్లే తొడుక్కుని. కొత్త తోలు, ఇంకా మెత్తబడలేదు. నేను కిటికీ దగ్గర ఉంటాను. కిర్రు కిర్రుమని గేటు దాటిపోతాయి. కుక్క మొరగదు.